కోళ్లకు వరుసుంటది.. మరి మన బడిల?

వాకిట్ల కోళ్లకు గింజలేసి ఓసారి చూడుండ్రి. ఒక కోడి ముందుగల్ల తింటది, పక్కదాన్ని పొడుస్తది. పొడిపించుకున్నది ఇంకోదాన్ని పొడుస్తది. అన్నిటితోటి దెబ్బలు తినేది ఆఖరుకు మిగిలినవి ఏరుకుంటది. నార్వే దేశపాయన షెల్డెరుప్ ఎబ్బె చిన్నప్పటి సంది కోళ్లను చూసుకుంట వచ్చి, ఈ 'పొడుపు వరుస' సంగతి 1922ల అచ్చేయించిండు.

నేను సదువుకున్న హాస్టల్ల గూడ గిదే వరుస. టెన్తోళ్లు నైన్తోళ్లను అంటే, వాళ్లొచ్చి ఎయిత్తోళ్ల మీద పడుతుండె. నల్లా కాడ, అన్నం లైన్ల కొత్తోడే ఆఖరు. పెద్దోళ్లకు చెప్తే "గది మామూలే, మేం పడలేదా" అంటుండె.

జంతువులల్లనే ఉన్నది గదా, మనతోని ఏమైతది అనేటోళ్లకు కెన్యా దేశం ముచ్చట చెప్త. ఆడ రాబర్ట్ సపోల్స్కీ అనే సైంటిస్టు బబూన్ కోతులను ఏండ్ల తరబడి చూసిండు. బబూన్లల్ల మగపిల్లలు ఈడుకొచ్చినంక పుట్టిన గుంపు ఇడిచి వేరే గుంపుల చేరుతయి. అచ్చం మన పోరలు ఊరిడిచి హాస్టల్ల చేరినట్టు. కొత్త గుంపుల మొదట దెబ్బలే.

1980లల్ల ఒక గుంపుల కొట్లాడే మగ కోతులు టూరిస్టు లాడ్జి చెత్తకుప్ప మీదికి పోయి, టీబీ ఉన్న మాంసం తిని సచ్చిపోయినయి. సాధు మగవి, ఆడవి మిగిలినయి. గుంపుల కొట్లాట తగ్గింది. పదేండ్లకు పాత మగవి ఒక్కటి గూడ లేవు, అన్నీ బయట నుంచి వచ్చినవే. అయినా శాంతం పోలే! వచ్చిన కొత్తవాటిని ఆడ కోతులు జల్ది దగ్గరికి తీసినయి, అవి గూడ ఆ గుంపు పద్ధతే నేర్సుకున్నయి. కింది వరుసల ఉన్న మగవాటి ఒంట్ల గూడ బెదురు తగ్గిందని సపోల్స్కీ 2004ల రాసిండు.

అంటే వరుస దానంతటదే పడొచ్చు. దాన్ల ఎంత క్రూరముండాలె అన్నది గుంపే నేర్పుతది. కోతులే మార్చుకున్నయంటే మనకేం రోగం?

జూన్ల బడి తెరుస్తరు. కొత్తగ వచ్చిన పోరనికి, పోరికి మొదటి వారం మీరేం చూపిస్తరో, వచ్చే ఏడు వాళ్లు చిన్నోళ్లకు గదే చూపిస్తరు. పక్కన కూసోబెట్టుకోండ్రి, పేరు పెట్టి పిలువుండ్రి. చెయ్యి దాటితే 1098కు ఫోన్ కొట్టుండ్రి, పిల్లల కోసమే ఉన్న నంబరది. "మేం పడ్డం" అనే మాట మీ బ్యాచ్‌తోనే ఆగిపోవాలె.