చిరునామాల కాటకము

హైదరాబాదు నగరమునకు పశ్చిమమున, మాదాపూరునందు, 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన సైబర్ టవర్స్ భవనమును ఆనాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించిరి. గుట్టలును మెట్టచేలును ఉండిన ఆ ప్రదేశము నేడు హైటెక్ సిటీయను పేర దేశదేశాంతరములకు పరిచితమై యున్నది. అచట గజము భూమి వెల యెట్లు పెరిగినదో పట్టాదారు లెరుగుదురు. కాని ఆ మేడలలోని కంప్యూటర్లకు వేరొక వస్తువు కరవైనది. అది చిరునామా.

ఊరు, వీధి, యింటి నెంబరు లేని యుత్తరమును టపాబంట్రోతు ఎవరికీయగలడు? అట్లే ఇంటర్‌నెట్టున నడచు ప్రతి వర్తమానమునకును పంపువాని సంఖ్యయు, పొందువాని సంఖ్యయు నుండవలెను. 1981లో స్థిరపడిన ఐపీ నాలుగవ కూర్పు ఈ సంఖ్యకు 32 స్థానములు మాత్రమే యేర్పరచెను. ఒక్కొక స్థానమున సున్న గాని ఒకటి గాని యుండును. లెక్కించినచో మొత్తము 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 చిరునామాలు. నా డది అక్షయపాత్రగ తోచెను. నేడు లోకజనసంఖ్యయే 800 కోట్లు దాటినది.

సంఖ్య చాలకపోవుట యొక్కటే కారణము కాదు. పంపకమునందు దూరదృష్టియు లోపించెను. తొలినాళ్ళలో అమెరికాయందలి మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయ మొక్కదానికే 1 కోటి 67 లక్షలకు పైగా దక్కెను. వెనుక వచ్చిన దేశములకు శేషమే గతి. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ భాండాగారము రిక్తమయ్యెను. ఏప్రిలు 15న ఆసియా, పసిఫిక్ ప్రాంతమునకు పంచియిచ్చు ఏప్నిక్ సంస్థ తన కడపటి ఖండమునకు చేరి, సభ్యున కొక్కనికి 1,024కు మించి యీయరాదని నియమించెను. 2019లో దానిని 512కు తగ్గించెను.

ఊరక వచ్చినది అంగడిసరకయ్యెను. 2011లోనే దివాలా తీసిన నార్టెల్ కంపెనీనుండి మైక్రోసాఫ్టువారు 6,66,624 చిరునామాలను 75 లక్షల డాలర్లకు కొనిరి. 2022లో హైదరాబాదునందు కేంద్రములు తెరచిన అమెజాన్ వారు, 2024 ఫిబ్రవరి 1 మొదలుకొని, తమ క్లౌడు వాడుకరులయొద్ద ఒక్కొక బహిరంగ చిరునామాకు గంటకు అర సెంటు, అనగా ఏటికి సుమారు 44 డాలర్లు, వసూలు చేయుచున్నారు. స్వల్ప మూలధనముతో వ్యాపార మారంభించు మన యువకునకు ఇదియు నొక శిస్తే.

ఇంతకాలము పని యెట్లు గడచినది? ఉమ్మడి వాకిలివలన. లోపల వేయి కంప్యూటర్లున్నను వెలుపలికి ఒక్క చిరునామాయే కనబడునట్లు అమర్చెడి విధానమొకటి కలదు. దానిని నాట్ అందురు. దీనిచే కరవు వాయిదాపడెను గాని తీరలేదు. ఒక చిరునామా వెనుక వందలమంది గృహస్థు లున్నప్పుడు ఒకడు చేసిన దుండగమునకు అందరిపైనను అనుమానము వ్యాపించును. తన యింటి యంత్రమును లోకమునకు తానే తెరచి యుంచదలచిన సామాన్యుడు, స్వంతగుమ్మము లేనందున, పెద్ద కంపెనీల పంచన అద్దెకుండవలసి వచ్చుచున్నది.

నిజమైన పరిహారము 1998 నుండి సిద్ధముగనే యున్నది. ఆరవ కూర్పున 128 స్థానములు. వాని సంఖ్య వ్రాసిన 39 అంకెలగును. మన టెలికాం శాఖ 2010లో మార్గసూచిని ప్రకటించెను. 2016లో సేవ నారంభించిన జియో మొదటినుండియు దీనిని వాడుటచే, నేడు భారతదేశ మీ విషయమున అగ్రగణ్యదేశములలో నొకటి. ఈ కీర్తి యధికముగ చేతిఫోనులది. ప్రభుత్వ కార్యాలయములకు పెట్టిన గడువులు పలుమారు పొడిగింపబడినవి. పాత కూర్పు, కొత్త కూర్పు నేరుగ మాటలాడుకొనజాలవు. కావున ఒక్క వెబ్‌సైటు వెనుకబడినను దానిని చేరగోరు వారందరికిని పాతచిరునామా యవసరము తప్పదు.

కావున మన కళాశాలలును, పురపాలక సంఘములును, హైటెక్ సిటీలోని కంపెనీలును ఆరవ కూర్పు లేని యంత్రమును కొనమని నిశ్చయింపవలెను. కొత్త చెరువు నిండియున్నది. పాతబావిలోని బురదనీటికై వెలయిచ్చుట మాని, కాలువ త్రవ్వుకొనుట విజ్ఞుల లక్షణము.