కోట, సుంకము, నాణెము

తిరుపతి చెంతనున్న చంద్రగిరి ఒకనాడు అరవీటి రాజుల రాజధాని. వారి సామంతుడు దామర్ల వేంకటాద్రి నాయకుడు 1639లో ఈస్టిండియా కంపెనీకి మదరాసు తీరమున వర్తకమునకు చోటిచ్చినాడు. దానితోపాటే కోట కట్టుకొనుటకు, సుంకము లేక వ్యాపారము చేయుటకు, నాణెములు ముద్రించుటకు అనుమతించినాడు. ఈ మూడును రాజాధికారములే కదా! 1645లో శ్రీరంగరాయలు ఆ హక్కులను స్థిరపరచినాడు. 1801లో ఆర్కాటు నవాబు సంధి వ్రాసి పాలననే ఒప్పగించగా చంద్రగిరి సీమయు కంపెనీ వశమైనది; తిరుమల ఆలయ నిర్వహణ సైతము 1843 వరకు దాని చేతిలోనే ఉండినది.

ఆ కథ అంతటితో ముగియలేదు. 2020లో కెయిర్న్ అను బ్రిటిషు సంస్థ పెట్టుబడుల ఒప్పందమును చూపి, మన పన్ను విధింపుపై హేగ్ నగరమున తీర్పు పొందినది. మరుసటి యేడు పార్లమెంటు ఆ పన్ను శాసనమును సవరించినది. వర్తకము వలదనరాదు, కాని చేవ్రాలు చేయువారు, ఇచ్చుచున్నది చోటో, అధికారమో ముందే చూచుకొనవలె.