మీ ముత్తాత వాళ్ల నాన్న పేరేంటి?

మీ నాన్న పేరు చెప్పండి. చెప్పేశారు. అబ్బ పేరు? అదీ వచ్చేసింది. ముత్తాత పేరు? ఇంట్లో పెద్దవాళ్ల వైపు చూశారు కదూ! మరి ఆయన తండ్రి పేరు?... చాలా ఇళ్లలో లెక్క ఇక్కడే ఆగిపోతుంది. బద్వేలు అయినా బెంగళూరు అయినా అంతే.

తమాషా ఏంటంటే, మన కర్మకాండ ఈ సంగతిని ఎప్పుడో కనిపెట్టింది. పోయిన మనిషిని మొదట్లో ‘ప్రేత’ అంటారు. ఆకలిదప్పులతో ఇంటి చుట్టూనే తిరుగుతుంటాడని నమ్మకం. సాధారణంగా పన్నెండో రోజున జరిగే సపిండీకరణంలో అతని పిండాన్ని మూడు భాగాలు చేసి, అతని తండ్రి, తాత, ముత్తాతల పిండాల్లో కలుపుతారు. అప్పుడు అతను పితృదేవత. వరుసలో కొత్తవారు చేరగానే అన్నిటికన్నా పైనున్న పెద్దాయన పేరుతో పిండం అందుకునే చోటు దాటిపోతారు. మరుపుకీ ఓ వరుస ఉందన్నమాట!

ఎవరూ లేనివాళ్లకు?

పిల్లల్లేనివాళ్లూ, ఊరుగాని ఊళ్లో పోయినవాళ్లూ ఏమవ్వాలి? భాద్రపద బహుళంలో వచ్చే మహాలయ పక్షంలో వాళ్లకూ చోటుంది. గురువులు, స్నేహితులు, దూరపు చుట్టాలను ‘కారుణ్య పితరులు’గా తలుచుకుంటారు. చివర్లో, నా అన్నవాళ్లు లేనివారందరికీ కలిపి నీళ్లు వదులుతారు. గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం చెబుతారు.

మంత్రాలు లేని ఇళ్లలోనూ పెద్దల అమావాస్య ఉంది. ఫొటో ముందు కొత్తబట్టలు, వాళ్లకు ఇష్టమైన వంటలు పెట్టి సాంబ్రాణి వేస్తారు. మిద్దె మీద ముద్ద పెట్టి కాకి కోసం ఎదురుచూస్తారు. షబ్-ఏ-బరాత్ రాత్రి ముస్లింలు, నవంబరు 2న క్రైస్తవులు సమాధుల దగ్గరికి వెళ్లేదీ పోయినవాళ్ల కోసమే.

రాయి ఉంది... పేరు లేదు

రాయలసీమ ఊళ్లలో వీరగల్లులు చూసే ఉంటారు. పశువుల మందల కోసమో, ఊరి కోసమో పోరాడి చనిపోయినవాళ్లకు నిలిపిన రాళ్లవి. కొన్నింటికి ఇప్పటికీ పసుపు పూసి మొక్కుతారు. ఆ వీరుడెవరంటే చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. అదే బద్వేలుకు దగ్గర్లోని బ్రహ్మంగారి మఠం చూడండి. వైశాఖ శుద్ధ దశమికి ఏటా జనం వస్తూనే ఉన్నారు. పేరును నిలబెట్టేది రాయి కాదు, తలుచుకునే మనుషులు.

ఈ బెంగ మనొక్కరిదే కాదు. చైనాలో ఏడో చాంద్రమాన మాసంలో, పట్టించుకునే సంతానంలేని ఆత్మల కోసమూ ఆహారం పెడతారు. మెక్సికోవాళ్లు నవంబరు మొదట్లో ఇళ్లలో ఫొటోలు పేర్చి పూలు చల్లుతారు. బతికున్నవాళ్లలో చివరి మనిషి కూడా మర్చిపోతే అదే అసలు చావు అంటుంది, 2017లో వచ్చిన ‘కోకో’ సినిమా.

మన దగ్గరా ఆ ప్రమాదం పెరుగుతోంది. పిల్లలు కువైట్లోనో, అమెరికాలోనో ఉంటారు. 2020, 2021 కరోనా రోజుల్లో ఎందరికో చివరిచూపే దక్కలేదు. ఇక ఆడవాళ్ల పేర్లు మరీ ముందుగా మాయమవుతాయి. ఫలానావాళ్ల కోడలిగా, ఫలానావాళ్ల అమ్మగా బతికిన అవ్వ అసలు పేరు ఎంతమందికి తెలుసు?

అందుకే ఈ ఆదివారం ఓ పని చేయండి. ఇంట్లో జేజి ఉంటే పక్కన కూర్చోండి. ఆమెకు గుర్తున్న పేర్లన్నీ ఓ నోటు పుస్తకంలో రాసుకోండి. ముందుగా ఆమె పేరే రాయండి!