ఆగడం తెలిసిన కిరణం

మనవాళ్లు ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషన్ చికిత్సలో మామూలుగా వాడేది ఎక్స్-రే కిరణం. దానికి ఆగడం తెలియదు. తలలో ఒక పక్క దూరి, గడ్డను దాటి, రెండో పక్క నుంచి బయటికి పోతుంది. దారిలో ఉన్న మంచి మెదడుకు కూడా ఎంతో కొంత మోతాదు తగులుతుంది. ఆ దెబ్బ వెంటనే కనిపించదు. గడ్డ పోయి, జుట్టు మళ్లీ వచ్చి, పిల్ల బడికి వెళ్లడం మొదలుపెట్టాక, కొన్నేళ్లకు మెల్లగా బయటపడుతుంది. నేర్చుకున్నది పోదు, కొత్తది నేర్చుకునే వేగం తగ్గుతుంది. తోటివాళ్లతో దూరం ఏటేటా పెరుగుతుంది. పిల్లల మెదడులో నాడీతంతువుల చుట్టూ మైలిన్ పొర ఇంకా అల్లుకుంటూనే ఉంటుంది, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో కొత్త కణాలు పుడుతూనే ఉంటాయి. రేడియేషన్ దెబ్బ సరిగ్గా ఈ పనుల మీదే పడుతుంది. అందుకే మూడేళ్లలోపు పిల్లలకు వైద్యులు వీలైనంతవరకు కీమోథెరపీతో నెట్టుకొచ్చి, రేడియేషన్‌ను వాయిదా వేస్తారు.

ఆగే కిరణం గురించిన ఆలోచన 1946 నాటిది. రాబర్ట్ విల్సన్ అప్పుడే లాస్ అలమోస్‌లో అణుబాంబు పని ముగించుకుని వచ్చిన యువ భౌతిక శాస్త్రవేత్త. ఆయన గురువు ఎర్నెస్ట్ లారెన్స్ 1931లో బెర్క్‌లీలో నడిపించిన తొలి సైక్లోట్రాన్ (కణాలను గుండ్రంగా తిప్పి వేగం పెంచే యంత్రం) అరచేతిలో పట్టేంతది, నాలుగున్నర అంగుళాలు. పదిహేనేళ్లలో ఆ యంత్రాలు ఎంతో పెద్దవయ్యాయి. హార్వర్డ్ కోసం కొత్త సైక్లోట్రాన్‌ను రూపొందిస్తూ, వేగంగా పోయే ప్రోటాన్లు పదార్థంలో ఎంత దూరం చొచ్చుకుపోతాయో విల్సన్ లెక్క కట్టాడు. ఆ లెక్కలో ఆయనకు వైద్యం కనిపించింది. ‘రేడియాలజీ’ పత్రికలో చిన్న వ్యాసం రాశాడు.

సంగతి ఇది. ప్రోటాన్‌కు విద్యుదావేశం ఉంది. శరీరంలోకి దూసుకుపోతూ దారిలోని ఎలక్ట్రాన్లకు కొంచెం కొంచెంగా శక్తి వదులుకుంటుంది. వేగం తగ్గేకొద్దీ ఒక్కో చోట ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి ఎక్కువ శక్తి వదులుతుంది. ఆగిపోయే ముందు, చివరి కొద్ది మిల్లీమీటర్లలో, ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. ఆ తరువాత మోతాదు దాదాపు సున్నా. ఎంత లోతున ఆగాలన్నది మనం ఇచ్చే శక్తిని బట్టి ఉంటుంది: 15 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులిస్తే నీటిలో సుమారు 16 సెంటీమీటర్లు పోతుంది. గడ్డ వెనక అంచు దగ్గర ఆపితే దాని వెనకున్న మెదడు భద్రం. వైద్యానికి ఇంతకన్నా విలువైన భౌతిక ధర్మం నాకు తోచదు.

ఆలోచన తొందరగానే పనిలోకి వచ్చింది. 1954లో బెర్క్‌లీలో తొలి చికిత్స, 1957లో స్వీడన్‌లోని ఉప్సాలాలో, 1961లో హార్వర్డ్‌లో. కానీ చాలాకాలం రోగులే భౌతికశాస్త్ర ప్రయోగశాలలకు వెళ్లాల్సి వచ్చింది. హార్వర్డ్ సైక్లోట్రాన్ అలాగే 2002 దాకా తొమ్మిది వేల మందికి పైగా చికిత్స చేసింది. ఇంకో అడ్డంకి కూడా ఉండేది. గడ్డ ఎక్కడుందో మిల్లీమీటర్లలో తెలియనప్పుడు కిరణాన్ని మిల్లీమీటర్లలో ఆపి ఏం లాభం? 1971లో సీటీ స్కాన్ వచ్చాకే ఆ చూపు దొరికింది. 1990లో కాలిఫోర్నియాలోని లోమా లిండా ఆసుపత్రిలో ప్రోటాన్ యంత్రం మొదలైంది. అది ఆసుపత్రిలోనే నెలకొన్న తొలి ప్రోటాన్ చికిత్సా కేంద్రాల్లో ఒకటి. ఆ యంత్రాన్ని తయారుచేసింది ఫెర్మీలాబ్ అనే భౌతికశాస్త్ర ప్రయోగశాల. ఆ ప్రయోగశాలకు తొలి డైరెక్టర్ ఈ విల్సనే. 1996లో స్విట్జర్లాండ్‌లోని విల్లిగెన్‌లో, సన్నటి కిరణంతో, ముగ్గులో చుక్కలు పెట్టినట్టు గడ్డ నిండా మోతాదును పొరలు పొరలుగా పరిచే పద్ధతి రోగులకు అందింది. ఇప్పటి యంత్రాలు ఎక్కువగా ఇదే పద్ధతిలో నడుస్తాయి.

ఇంత చేస్తే పిల్లల తెలివికి నిజంగా మేలు జరుగుతుందా? ఈ ప్రశ్నకు ఒక గట్టి జవాబు మన దేశంలోనే దొరికింది, అదీ ప్రోటాన్ లేకుండా. ముంబైలోని టాటా మెమోరియల్‌లో రాకేశ్ జలాలీ బృందం, నెమ్మదిగా పెరిగే మెదడు గడ్డలున్న 200 మంది పిల్లలనూ యువతనూ లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేసింది. మోతాదు రెండు జట్లకూ ఒకటే, 54 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత). ఒక జట్టుకు మామూలు పద్ధతి, రెండో జట్టుకు గడ్డ ఆకారానికి అతుక్కున్నట్టు ఎక్స్-రేను మలిచే పద్ధతి. 2017లో ఫలితాలు వచ్చాయి. ఐదేళ్ల తరువాత బతికినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండో జట్టులో తెలివితేటలు మెరుగ్గా నిలిచాయి. కొత్తగా హార్మోన్ల లోపం వచ్చినవారు మొదటి జట్టులో 51 శాతం, రెండో జట్టులో 31 శాతం. యంత్రం పేరు కన్నా, మంచి మెదడుకు ఎంత తక్కువ తగిలిందన్నదే ముఖ్యమని నేను అనేది ఈ ఆధారంతోనే.

ప్రోటాన్ ఆ తగ్గింపును ఇంకా ముందుకు తీసుకెళ్తుంది, అన్ని గడ్డల్లో ఒకేలా కాదు. పిట్యూటరీ దగ్గర పెరిగే క్రేనియోఫారింజియోమా లాంటి గడ్డ ఒక్కచోటే ఉంటుంది కాబట్టి లాభం స్పష్టం. మెడుల్లోబ్లాస్టోమా అనే గడ్డ మాత్రం వెన్నుద్రవం వెంట పాకుతుంది. అందువల్ల మెదడు మొత్తానికీ వెన్ను మొత్తానికీ రేడియేషన్ ఇవ్వక తప్పదు. అక్కడ ఏ కిరణమైనా మెదడును పూర్తిగా కాపాడలేదు. చివర్లో గడ్డ ఉన్న చోటికి అదనంగా ఇచ్చే మోతాదులో మాత్రం ప్రోటాన్ పనికొస్తుంది. వెన్నుకు ఇచ్చేటప్పుడు గుండెనూ పేగులనూ కూడా తప్పిస్తుంది. అమెరికాలో మెడుల్లోబ్లాస్టోమా ఉన్న పిల్లలను ఏళ్ల తరబడి పరీక్షించి చూస్తే, ప్రోటాన్ పొందినవారిలో జ్ఞాపకశక్తి, తర్కం చాలావరకు నిలకడగా ఉన్నాయి. ఆలోచనా వేగం మాత్రం వాళ్లలోనూ దెబ్బతింది.

దక్షిణాసియాలో తొలి ప్రోటాన్ కేంద్రం 2019లో చెన్నైలో తెరుచుకుంది. నెల్లూరు, తిరుపతి వాళ్లకు అది దగ్గరే, కానీ ఖర్చు లక్షల్లో ఉంటుంది. 2023లో టాటా మెమోరియల్ వారి కేంద్రం నవీ ముంబైలో మొదలైంది. అక్కడిదాకా వెళ్లలేని కుటుంబాలు ఇక్కడి ఆసుపత్రిలోనే అడగదగ్గ ప్రశ్నలు ఉన్నాయి: హిప్పోక్యాంపస్‌కు ఎంత మోతాదు తగులుతుంది, కణత వైపుండే ఎడమ టెంపొరల్ లోబ్‌కు ఎంత, దాన్ని ఇంకా తగ్గించే ప్లాన్ వేయవచ్చా? చికిత్సకు ముందొకసారి, తరువాత ఏటా ఒకసారి పిల్ల తెలివితేటలు పరీక్షించమని కూడా అడగాలి. బడిలో పరీక్ష రాయడానికి అదనపు సమయం కావాలని చెప్పడానికి ఆ కాగితాలే ఆధారమవుతాయి.