డిజిటల్ సంతకము వెనుక గణితము

సాక్షులు చూచుచుండగా ఎదుట కూర్చుండి చేవ్రాలు చేసిన మనిషి విషయమున మనకు సందేహము కలుగదు. కాని ఇరుపక్షములవారును ఒకరి మొగ మొకరు ఎన్నడును చూడని ఎలక్ట్రానిక్ వ్యవహారములందు, సంతకపు బొమ్మను ఎవరైనను క్షణములో నకలు తీయగలచోట, ‘దీనిని పంపినది నేనే’ యనువాని మాటకు ఆధార మేమి? పాస్‌వర్డు చెప్పి నిరూపించుకొందమన్నచో, చెప్పిన మరుక్షణమే అది విన్నవానికిని సొంతమగును. రహస్యమును బయటపెట్టకయే అది తన యొద్ద నున్నదని నిరూపింపవలెను.

ప్రతి మనిషికిని ఒకదానితో నొకటి ముడివడిన రెండు ‘కీ’లు, ఒకటి రహస్యము, మరొకటి బహిరంగము, ఉండవచ్చునని 1976లో అమెరికాలో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ ప్రతిపాదించిరి. మరుసటి యేడు రివెస్ట్, షమీర్, ఆడెల్‌మన్ అను మువ్వురు దానిని సాధించు గణితమును కనుగొనిరి. బ్రిటిష్ ప్రభుత్వ గూఢలిపి సంస్థలో క్లిఫర్డ్ కాక్స్ 1973లోనే ఆ మార్గము పట్టినను, 1997 వరకు ఆ సంగతి లోకమునకు తెలియరాలేదు.

ఆ గణితమును చిన్న సంఖ్యలతోనే చూడవచ్చును. 3, 11 అను ప్రధాన సంఖ్యల లబ్ధము 33. ఈ 33ను, దానితోపాటు 3ను లోకమునకు చాటి, ఆ ప్రధాన సంఖ్యలనుబట్టి గణించిన 7ను మాత్రము నేను దాచుకొందును. 4 అను సందేశముపై సంతకము చేయుటకు 4 యొక్క ఏడవ ఘాతమగు 16,384ను 33చే భాగింపగా శేషము 16. అదియే నా సంతకము. పరీక్షించువాడు 16ను ఘనము చేసి, వచ్చిన 4,096ను 33చే భాగించినచో మరల 4 శేషించును. నా 7 అతనికి తెలియనే లేదు, ఐనను సంతకము నాదని తేలినది! 33ను బాలుడైనను విడదీసి ఆ 7ను రాబట్టగలడు గాని, నేటి వ్యవహారములలో వాడు సంఖ్యలు 600 అంకెలకు మించినవి. 1977లో సవాలుగా ప్రకటించిన 129 అంకెల సంఖ్యను విడదీయుటకే 1994 వరకు పట్టినది. అదియు సుమారు 600 మంది స్వచ్ఛందముగా తమ కంప్యూటర్లను కలిపిన మీదట!

పత్రమంతటిని ఇట్లు గుణించుట కష్టము గనుక, ముందుగా దానిని ‘హ్యాష్’ అను ప్రక్రియచే చిన్న సంఖ్యగా కుదించి, దానిపై సంతకము చేయుదురు. లక్ష పక్కన ఒక్క సున్న చేర్చినను ఆ సంఖ్య సమూలముగా మారి, సంతకము చెల్లకపోవును. ఒక పత్రముపై చేసిన సంతకమును మరొక పత్రమున కతికించుటయు అసాధ్యమే. కాగితపు చేవ్రాలునకు ఏనాడును లేని ఈ గుణమే నాకు అన్నిటికంటె అద్భుతముగా తోచును.

ఇక ఆ బహిరంగ కీ ఫలానావారిదే యని పూచీపడువారెవరు? ఇందులకే మనదేశమున 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము, లైసెన్సు పొందిన ధ్రువీకరణ సంస్థలను, వానిపై ఒక నియంత్రకుని ఏర్పరచినది. టెండర్లు వేయు కాంట్రాక్టర్లకును కంపెనీ డైరెక్టర్లకును పరిచితమైన, వ్రేలెడంత యు.ఎస్‌.బి. టోకెన్‌లో రహస్య కీ ఉండును. పిన్ కొట్టగనే గణన మంతయు దాని లోపలనే జరిగి, సంతకము మాత్రము వెలికి వచ్చును. ఇంత కట్టుదిట్టము చేసిన వస్తువును పిన్‌తో సహా ఆడిటరు గుమాస్తా బల్ల సొరుగులో వదలివచ్చువారిని చూచినపుడు మనస్సు కలుక్కుమనును. రహస్య కీని తన అదుపులో నుంచుకొను బాధ్యత సంతకదారునిదే యనియు, అది అదుపు తప్పినచో, ఆ సంగతి ధ్రువీకరణ సంస్థకు తెలుపువరకు అతడే జవాబుదారి యనియు ఆ చట్టపు 42వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది.