బయాలజీ వింటే వస్తుందా?

మైటోకాండ్రియా కణానికి పవర్‌హౌస్ అని టెన్త్‌లో బట్టీ పట్టాను. ఆ పవర్ ఎలా వస్తుందని అడిగితే మాత్రం ఇప్పటికీ నీళ్ళు నములుతాను.

సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో డిగ్రీ మొదట్లో చెప్పే బయాలజీ కోర్సులో చాలామంది ఫెయిలయ్యేవాళ్ళు. స్కాట్ ఫ్రీమన్, ఆయన తోటి టీచర్లు కలిసి లెక్చర్ తగ్గించేశారు. పాఠం ముందే చదువుకుని రావాలి, క్లాసులో ప్రశ్న వేస్తే పక్కవాళ్ళతో వాదించి జవాబు చెప్పాలి, వారం వారం ప్రాక్టీస్ టెస్టు రాయాలి. (మనకి కోడింగ్ మాత్రం వీడియోలు చూస్తే వచ్చిందా? ఎర్రర్లు వచ్చాకే కదా బుర్రకెక్కింది!)

ఫలితాలు 2011లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. మార్కులు అందరికీ పెరిగాయి గానీ, వెనకబడిన కుటుంబాల పిల్లలకి ఇంకా ఎక్కువ పెరిగాయి. నాకర్థమైంది ఇదీ: ఎలా చదవాలో ఇంట్లో చెప్పేవాళ్ళుంటే లెక్చర్‌తోనైనా నెట్టుకొస్తారు. లేనివాళ్ళకి తమకేం రాదో పరీక్ష రోజే తెలుస్తుంది. ఈ క్లాసులో అది మొదటి వారంలోనే తెలిసిపోతుంది.