తెల్లచొక్కా ఎంత తెలుపు?

పెళ్లి మండపంలో పసుపు దీపాల కింద తీసిన ఫొటో. తెరమీద చూస్తే పెళ్లికొడుకు తండ్రి చొక్కా తెల్లగానే ఉంది. ఆల్బమ్ అచ్చయి వచ్చాక అదే చొక్కా పచ్చబారి కనిపిస్తుంది. అచ్చువేసినవాళ్లు పాడుచేశారనుకుంటాం. చాలాసార్లు ఆ పసుపు ఫొటోలో మొదటినుంచీ ఉన్నదే. మన కన్ను దాన్ని సర్దుకుంది.

కన్ను రంగును విడిగా చూడదు, చుట్టుపక్కలతో పోల్చి చూస్తుంది. ఎంఐటీ ఆచార్యుడు ఎడ్వర్డ్ యాడెల్సన్ 1995లో చదరంగపు పలకలాంటి బొమ్మ ఒకటి చేశారు. అందులో నీడలో ఉన్న లేత గడి, వెలుగులో ఉన్న ముదురు గడి నిజానికి ఒకే బూడిద రంగు. ఎంతసేపు చూసినా నమ్మబుద్ధి కాదు. రెండుచోట్లా అంకెలు చదివితే సరిగ్గా ఒకటే వస్తాయి.

ఆ అంకెలు ఎక్కడివి? మామూలు డిజిటల్ ఫొటోలో ప్రతి పిక్సెల్‌కూ (చిత్రంలోని అతి చిన్న చుక్క) మూడు విలువలుంటాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు. మూడూ 0 అయితే నలుపు. మూడూ 255 అయితే తెలుపు. మూడూ సమానమైతే ఏ రంగూ కలవని బూడిద. మనకు కావలసిన కీలకం ఇక్కడే ఉంది.

ఫొటోషాప్‌లో విండో మెనూలోని ఇన్ఫో తెరిచి, మౌస్ బాణాన్ని చొక్కామీద పెట్టండి. 226, 208, 170 అని వచ్చిందనుకోండి. నీలం బాగా తగ్గింది. నీలం తగ్గితే పసుపు పైకి తేలుతుంది. జింప్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇదే పని పాయింటర్ అనే పలక చేస్తుంది.

ఒక్క చుక్కను మాత్రం నమ్మకండి. జేపెగ్ ఫైలు సైజు తగ్గించడానికి రంగు వివరాలను కుదిస్తుంది. మసక వెలుతురులో తీస్తే రంగుల నలకలు కూడా చేరతాయి. పక్కపక్క చుక్కలే వేరే అంకెలు చెబుతాయి. అందుకే ఫొటోషాప్‌లో రంగు చదివే ఐడ్రాపర్ పనిముట్టులో శాంపిల్ సైజును ‘5 బై 5 యావరేజ్’కు మార్చుకోవాలి. అప్పుడు 25 చుక్కల సగటు వస్తుంది.

ఏ తెలుపును అడుగుతున్నామన్నదీ ముఖ్యమే. మధుపర్కాలకు పసుపు రాస్తారు కాబట్టి వాటిని ప్రమాణంగా తీసుకుంటే ఫొటో మొత్తం నీలంవైపు జరిగిపోతుంది. నీలిమందు పెట్టిన పంచె అయితే దీనికి తారుమారు. ఫొటో తీసేటప్పుడే బూడిదరంగు కార్డు ఒకటి పెట్టి తీసుకోవడం అన్నిటికన్నా మేలు.

ఎర్ర పట్టుచీర దగ్గర ఇంకో సంగతి గమనించాలి. వెలుగు ఎక్కువైతే ఎరుపు విలువ అంతటా 255కు చేరి ఆగిపోతుంది. అంతకుమించి రాసుకునే చోటు లేదు. ఎరుపులోని తేడాలు పోతాయి కనుక కుచ్చిళ్ల మడతలు చదునుబారతాయి. జేపెగ్‌లో పోయినవి తర్వాత వెలుగు తగ్గించినా తిరిగి రావు. చీరమీద వరసగా 255 కనిపిస్తే మరో ఫొటో ఎంచుకోవడమే దారి.

మూడు అంకెలూ దగ్గరపడేలా చొక్కా సరిచేశాక ముఖాల మీద కూడా ఒకసారి చదవండి. మన చామనఛాయలో ఎరుపు అన్నిటికన్నా ఎక్కువ, తర్వాత ఆకుపచ్చ, చివర నీలం ఉండాలి. ముఖంమీద మూడూ దగ్గరదగ్గరగా వచ్చాయంటే దిద్దుబాటు అతి అయింది. కొంచెం పసుపు తిరిగి రానివ్వండి, అది ఆ మండపంలో నిజంగా ఉన్న వెలుగే.